మగ హార్మోన్లు జన్యువులను ఎలా నడిపిస్తాయి? వీర్యకణాల తయారీ గురించి ప్రతి కుటుంబం తెలుసుకోవాల్సిన సంగతులు

నికాహ్ అయి ఏడాది, రెండేళ్లు గడిచినా ఇంట్లో పసిపాప అలికిడి లేకపోతే మన దగ్గర మొదటి ప్రశ్న కోడలికే ఎదురవుతుంది. భవానీపురం అయినా, వించిపేట అయినా, పంజా సెంటర్ అయినా ఇదే తీరు. కోడలిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తారు, స్కానింగులు చేయిస్తారు, మందులు మింగిస్తారు. కొడుకు సంగతి ఎవరూ ఎత్తరు. ‘వాడు దిట్టంగానే ఉన్నాడు కదా’ అని ఒక్క మాటతో సరిపెడతారు.

కానీ లెక్కలు వేరే చెబుతున్నాయి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు నుంచి కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. కండబలానికీ, గడ్డం మీసాలకూ, దాంపత్య సామర్థ్యానికీ, వీర్యకణాల సంఖ్యకూ నేరుగా సంబంధం లేదు. అన్నీ బాగున్న మగాడిలో కూడా వీర్యకణాలు ఒక్కటీ లేకపోవచ్చు. అలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే మగ హార్మోన్ మన జన్యువులతో ఎలా పని చేయిస్తుందో కాస్త ఓపికగా తెలుసుకోవాలి.

హుకుం మెదడు నుంచి వస్తుంది

వీర్యకణాలు తయారయ్యేది వృషణాల్లో. పని మొదలుపెట్టమనే ఆజ్ఞ మాత్రం మెదడు నుంచి వస్తుంది. మెదడు అడుగు భాగంలో ఉండే హైపోథాలమస్ జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను విడతలు విడతలుగా వదులుతుంది. దాని కిందే బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. ఆజ్ఞ అందగానే అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది.

ఎల్‌హెచ్ వృషణాల్లోని లేడిగ్ కణాలను తడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంజ్ లేడిగ్ 1850లో వీటిని వర్ణించాడు. ఈ కణాలు కొలెస్ట్రాల్ నుంచి టెస్టోస్టిరాన్‌ను తయారు చేస్తాయి. ఎఫ్‌ఎస్‌హెచ్ సెర్టోలి కణాల మీద పని చేస్తుంది. ఇటలీకి చెందిన ఎన్రికో సెర్టోలి 1865లో వీటిని గుర్తించాడు. పెరుగుతున్న వీర్యకణాలను ఒడిలో పెట్టుకుని సాకే దాదీలు ఈ సెర్టోలి కణాలే.

ఆజ్ఞ పైనుంచి వచ్చినట్టే లెక్క కూడా తిరిగి పైకి వెళ్తుంది. రక్తంలో టెస్టోస్టిరాన్ పెరిగితే ‘ఇక చాలు’ అని మెదడు ఎల్‌హెచ్‌ను తగ్గిస్తుంది. సెర్టోలి కణాలు ఇన్‌హిబిన్ బి అనే మరో హార్మోన్‌తో ఎఫ్‌ఎస్‌హెచ్‌కు పగ్గం వేస్తాయి. ఈ తిరుగు కబురు సంగతి గుర్తుంచుకోండి. జిమ్ ఇంజెక్షన్ల గురించి చెప్పేటప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

జన్యువు దగ్గర హార్మోన్ చేసే పని ఏంటి?

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే రకం జన్యువులు ఉంటాయి. కంటి కణానికీ, కాలేయ కణానికీ తేడా ఎక్కడంటే, ఏ కణంలో ఏ జన్యువు తెరుచుకుంది, ఏది మూసుకుంది అన్న దగ్గరే. కృష్ణా డెల్టా వాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర గేట్లు ఎత్తితే కాలువలన్నిటికీ నీరు వస్తుంది. అంతమాత్రాన ప్రతి చేనూ తడవదు. ఆ చేను తూము తెరిస్తేనే నీళ్లు లోపలికి వెళ్తాయి. రక్తంలో పారే టెస్టోస్టిరాన్ కాలువ నీరు లాంటిది. కణం లోపల తూము తెరిచే మనిషి వేరే ఉన్నాడు. ఆయన పేరు ఆండ్రోజెన్ రిసెప్టర్.

ఈ రిసెప్టర్ ఒక ప్రోటీన్. టెస్టోస్టిరాన్ లేని సమయంలో ఇది కణద్రవంలో కొన్ని సహాయక ప్రోటీన్లను పట్టుకుని ఊరికే ఉంటుంది. టెస్టోస్టిరాన్ కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి కణం గోడను దాటి లోపలికి వచ్చేస్తుంది. వచ్చి రిసెప్టర్‌కు అతుక్కుంటుంది. అప్పుడు రిసెప్టర్ ఆకారం మారుతుంది. సహాయక ప్రోటీన్లను వదిలేసి కణకేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ రెండు రిసెప్టర్లు జతకట్టి, డీఎన్‌ఏ మీద తమకోసమే ఉన్న ప్రత్యేకమైన అక్షరాల వరుసను వెతికి పట్టుకుంటాయి. ఆ వరుస ఉన్న చోట పక్కనున్న జన్యువు తెరుచుకుంటుంది. దాని నకలు ఆర్‌ఎన్‌ఏగా తయారై, ఆ నకలు చూసి కణం ప్రోటీన్ చేసుకుంటుంది. కొన్ని జన్యువులను ఇదే రిసెప్టర్ మూసేస్తుంది కూడా.

ఇది గంటల మీద జరిగే పని. ఇది కాక నిమిషాల్లో జరిగే మరో దారి కూడా ఉంది. టెస్టోస్టిరాన్ అందగానే కణంలోని కొన్ని ఎంజైములు ఒకదాన్నొకటి మేల్కొలిపి, డీఎన్‌ఏను నేరుగా పట్టుకోకుండానే కబురు చేరవేస్తాయి. వీర్యకణాల తయారీకి రెండు దారులూ కావాలి.

ఈ రిసెప్టర్‌ను తయారు చేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాడికి ఎక్స్ క్రోమోజోమ్ తల్లి నుంచే వస్తుంది. అంటే మగ హార్మోన్‌కు స్పందించే శక్తి ప్రతి కొడుకూ తన అమ్మీ దగ్గర తెచ్చుకున్నదే.

వీర్యకణాలకు సొంత రిసెప్టర్ అక్కర్లేదు

ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. వీర్యకణంగా మారబోయే కణాలకు టెస్టోస్టిరాన్ చాలా అవసరం. కానీ అవి దాన్ని నేరుగా అందుకోవు. పనికొచ్చే ఆండ్రోజెన్ రిసెప్టర్ ఉండేది వాటిని సాకే సెర్టోలి కణాల్లో. హార్మోన్ కబురు దాదీకి అందుతుంది, దాదీ బిడ్డకు కావలసింది చూస్తుంది.

దీన్ని ఎలుకల్లో తేల్చి చూపించారు. బెల్జియంలోని ల్యూవెన్ శాస్త్రవేత్తలు 2004లో సెర్టోలి కణాల్లో మాత్రమే ఈ రిసెప్టర్‌ను తీసేసిన ఎలుకలను తయారు చేశారు. వాటి శరీరంలో టెస్టోస్టిరాన్‌కు కొదవ లేదు. అయినా వీర్యకణాల తయారీ సగంలోనే ఆగిపోయింది. క్రోమోజోముల సంఖ్య సగానికి తగ్గే క్షయకరణ విభజన అనే దశ మనుషుల్లో ఉన్నట్టే ఎలుకల్లోనూ ఉంది. ఆ దశను వాటి కణాలు దాటలేకపోయాయి.

సెర్టోలి కణాల్లో టెస్టోస్టిరాన్ తెరిచే జన్యువులు ముఖ్యంగా నాలుగు పనులు చూస్తాయి.

మొదటిది కాపలా. పక్కపక్కనున్న సెర్టోలి కణాలు గట్టిగా అతుక్కుని రక్తానికీ వృషణానికీ మధ్య ఒక అడ్డుగోడ కడతాయి. వీర్యకణాలు యుక్తవయసులో కొత్తగా పుట్టేవి కాబట్టి శరీర రక్షణ వ్యవస్థ వాటిని పరాయివనుకుని దాడి చేసే ప్రమాదం ఉంది. ఈ గోడ అడ్డుగా ఉండి కాపాడుతుంది. గోడలో వాడే క్లాడిన్ 3 అనే ప్రోటీన్ తయారీ ఎలుకల్లో టెస్టోస్టిరాన్ చేతిలోనే ఉందని తేలింది.

రెండోది, విభజన పూర్తయ్యేదాకా కణాలను బతికించడం. ఎలుకల్లో రాక్స్ 5 అనే జన్యువు ఆండ్రోజెన్ మాట వినే జన్యువుల్లో బాగా పేరున్నది. దాన్ని తీసేస్తే పెరిగే కణాలు ఎక్కువగా చనిపోయి సంతాన శక్తి తగ్గుతుంది.

మూడోది, గుండ్రటి కణానికి తోక మొలిచి వీర్యకణం రూపం వచ్చేదాకా దాన్ని పట్టి ఉంచడం. హార్మోన్ తగ్గితే పట్టు సడలి, పచ్చి కణాలు ముందుగానే రాలిపోతాయి.

నాలుగోది, తయారైన కణాన్ని సరైన సమయంలో విడిచిపెట్టడం. టెస్టోస్టిరాన్ చాలకపోతే పండిన కణాలు కూడా బయటికి రాకుండా సెర్టోలి కణంలోనే కలిసిపోతాయి.

మూలకణం దగ్గర మొదలై వీర్యకణం తయారయ్యే దాకా మనిషిలో సుమారు 74 రోజులు పడుతుంది. అక్కడి నుంచి నాళాల్లో ప్రయాణించి పక్వానికి రావడానికి ఇంకొన్ని రోజులు. అందుకే ఇవాళ పరీక్షలో కనిపించే లెక్క మూడు నెలల కిందటి జ్వరానిదీ, మందులదీ, అలవాట్లదీ కావచ్చు. మందు మొదలుపెట్టిన పది రోజులకే ఫలితం రాలేదని డాక్టర్లను మార్చడం వల్ల లాభం లేదు.

తూము చెడిపోతే?

కాలువ నిండా నీరుండి తూము తెరుచుకోకపోతే చేను ఎండుతుంది. ఆండ్రోజెన్ రిసెప్టర్ జన్యువు పూర్తిగా చెడిన వారిలో అదే జరుగుతుంది. క్రోమోజోములు మగవే, వృషణాలు లోపల ఉంటాయి, టెస్టోస్టిరాన్ కూడా తయారవుతుంది. కానీ కణాలు దాని మాట వినవు కాబట్టి శరీరం ఆడపిల్లలాగే ఎదుగుతుంది. ఈడొచ్చినా రజస్వల కాకపోవడంతో చాలాసార్లు విషయం బయటపడుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరి శాపమూ కాదు. ఆ బిడ్డను దాచాల్సిన పని లేదు, ఎండోక్రైనాలజిస్టుకు చూపించాలి.

లోపం కొద్దిగా ఉన్నప్పుడు మగవాడిగానే పెరిగి, వీర్యకణాలు మాత్రమే తగ్గవచ్చు. ఈ జన్యువులో సీఏజీ అనే మూడక్షరాలు వరుసగా పలుమార్లు వస్తాయి. ఆ వరుస మరీ పొడవైతే కెన్నడీ వ్యాధి అనే కండరాల జబ్బు వస్తుందని 1991లో కనుగొన్నారు. ఆ రోగుల్లో సంతాన శక్తి కూడా తగ్గుతుంది.

హైదరాబాద్‌లో తేలిన సంగతులు

ఈ విషయం మీద మన తెలుగు నేల మీదే పెద్ద పరిశోధన జరిగింది. హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్, డాక్టర్ కుమారస్వామి తంగరాజ్ బృందం ఇరవై ఏళ్లకు పైగా భారతీయ మగవారిలో సంతానలేమికి జన్యు కారణాలు వెతికింది.

సీఏజీ వరుస మామూలు హద్దుల్లోనే కాస్త పొడవుగా ఉంటే వీర్యకణాలు తగ్గుతాయా అన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న. కొన్ని దేశాల్లో అవునన్నారు. భారతీయుల్లో అలాంటి సంబంధం కనిపించలేదని సీసీఎంబీ బృందం 2002లో తెలిపింది. ఎక్కడి జనంలోనో తేలిన ఫలితం మన జనానికి అలాగే వర్తించదని దీనివల్ల అర్థమైంది.

2003లో అదే బృందం వీర్యకణాలు అసలే లేని 340 మంది భారతీయులను పరీక్షించింది. వారిలో సుమారు 8.5 శాతం మందిలో వై క్రోమోజోమ్ మీద చిన్న ముక్కలు లేవు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. వీర్యకణాలకు కావలసిన కొన్ని జన్యువులు దాని మీద ఏజెడ్‌ఎఫ్ అనే ప్రాంతంలో ఉంటాయి. అక్కడ ముక్క లేకపోతే హార్మోన్లు ఎంత బాగున్నా ఫలితం ఉండదు.

ఆ తర్వాత సికింద్రాబాద్‌లోని మమత ఫెర్టిలిటీ హాస్పిటల్ వంటి సంస్థలతో కలిసి 47 మంది పురుషుల జన్యువులను పూర్తిగా చదివి, కనిపించిన తేడాలను సుమారు 1,500 మందిలో సరిచూశారు. బీఆర్‌డీటీ, సీఈటీఎన్1, క్యాట్‌స్పర్‌డీ, జీఎంసీఎల్1, స్పాటా6, టీఎస్‌ఎస్‌కే4, టీఎస్‌కేఎస్, జడ్‌ఎన్‌ఎఫ్318 అనే ఎనిమిది జన్యువుల్లోని లోపాలు సంతానలేమికి దారితీస్తున్నాయని 2022లో ప్రకటించారు. కణ విభజన దగ్గర ఒకటి, తోక కదలిక దగ్గర ఒకటి, ఇలా ఈ జన్యువులు తయారీలో వేర్వేరు మెట్ల దగ్గర పని చేసేవి. ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న టెక్స్ 13బి అనే మరో జన్యువు కూడా ఈ పనికి ముఖ్యమని అదే బృందం గుర్తించింది.

అంటే హార్మోన్ హుకుం ఇవ్వాలి, రిసెప్టర్ అందుకోవాలి, పనిచేసే జన్యువులు సరిగ్గా ఉండాలి. మూడింట్లో ఏది తప్పినా ఆటంకమే. అందుకే ‘వీర్యకణాలు పెంచే మందు’ అంటూ అందరికీ ఒకటే డబ్బా అమ్మేవాళ్లను నమ్మడానికి లేదు.

జిమ్ ఇంజెక్షన్: తండ్రి కావాలనుకునే వాడు తీసుకోకూడనిది

ఈ వ్యాసంలో యువకులు తప్పక చదవాల్సిన భాగం ఇదే. కండలు త్వరగా రావాలని కొందరు టెస్టోస్టిరాన్ లేదా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకుంటున్నారు. మగ హార్మోన్ కాబట్టి మగతనం పెరుగుతుందని అనుకుంటారు. జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం.

బయటి నుంచి హార్మోన్ రక్తంలోకి చేరగానే ‘సరుకు నిండుగా ఉంది’ అనే తిరుగు కబురు మెదడుకు వెళ్తుంది. మెదడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండింటినీ ఆపేస్తుంది. లేడిగ్ కణాలు పని మానేస్తాయి. మామూలుగా వృషణం లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో కన్నా ఎన్నో పదుల రెట్లు ఎక్కువ ఉంటుంది. వీర్యకణాల తయారీకి ఆ మోతాదే కావాలి. ఇంజెక్షన్ రక్తంలో మోతాదు పెంచుతుంది కానీ వృషణం లోపలి మోతాదును పడగొడుతుంది. సెర్టోలి కణాల్లో జన్యువులు మూసుకుంటాయి. కండలు పెరుగుతాయి, వృషణాలు చిన్నబోతాయి, వీర్యకణాలు మాయమవుతాయి.

ఇది ఎంత నిజమంటే, దీన్నే మగవారి గర్భనిరోధక మార్గంగా పరీక్షించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఏడు దేశాల్లో 271 మందికి వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఇచ్చారు. వీర్యకణాలు పూర్తిగా పోయిన 157 మంది ఏడాది పాటు ఆ ఇంజెక్షన్ మీదే ఆధారపడితే, వారి జంటల్లో ఒక్క గర్భం మాత్రమే వచ్చింది. 1990లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

ఆపేస్తే చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తాయి. ఎక్కువ కాలం, ఎక్కువ మోతాదులో వాడిన వారికి ఏడాది, రెండేళ్లు పట్టవచ్చు. కొందరిలో పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఇప్పటికే వాడుతుంటే డాక్టరుకు దాచకండి. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల అక్కర్లేని పరీక్షలూ, అక్కర్లేని ఆపరేషన్లూ జరుగుతాయి.

దగ్గరి బంధుత్వంలో పెళ్లిళ్లు

మేనరికాలు, అన్నదమ్ముల పిల్లల మధ్య నికాహ్‌లు మన కుటుంబాల్లో ఉన్నాయి. ఆంధ్రలో ఇతర సమాజాల్లోనూ మేనమామ, మేనబావ సంబంధాలు ఉన్నాయి. దగ్గరి బంధువుల బిడ్డకు ఒకే లోపం ఇటు తల్లి నుంచీ అటు తండ్రి నుంచీ వచ్చే అవకాశం ఎక్కువ. వీర్యకణాల జన్యువులకు కూడా ఇది వర్తిస్తుంది. బంధుత్వంలో చేసుకున్న అందరికీ ఇబ్బంది వస్తుందని కాదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములకు పిల్లలు లేకపోతే మాత్రం జన్యు సలహా తీసుకున్నాకే తర్వాతి సంబంధం ఆలోచించడం మంచిది.

పరీక్షలు ఏ వరుసలో?

ఏడాది పాటు కలిసి కాపురం చేసినా గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరూ ఒకేసారి పరీక్షలు చేయించుకోవాలి. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. మగవారికి మొదటి పరీక్ష వీర్య పరీక్ష. ఖర్చు తక్కువ, కోత లేదు, నొప్పి లేదు. కోడలికి లాపరోస్కోపీ దాకా వెళ్లే ముందు కొడుక్కి ఈ పరీక్ష కాకపోవడం అన్యాయం.

పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు దూరంగా ఉండాలి. నమూనా గంట లోపు ల్యాబుకు చేరాలి. ల్యాబులో ఇవ్వడానికి సంకోచించే వారు ఇంట్లో దాంపత్యంలోనే సేకరించేందుకు ప్రత్యేకమైన తొడుగులు ఉన్నాయి, డాక్టరును అడగండి. మామూలు కండోమ్ పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 16 మిలియన్లు, మొత్తం 39 మిలియన్లు, కదిలేవి 42 శాతం అనేవి కింది హద్దులు. ఒక్కసారి తక్కువ వచ్చిందని కుంగిపోవద్దు, కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించాలి.

రెండోసారీ తక్కువే వస్తే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ చూస్తారు. టెస్టోస్టిరాన్‌కు రక్తం ఉదయం 7 నుంచి 10 లోపు ఇవ్వాలి. మూడూ తక్కువైతే లోపం మెదడు వైపు. ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువైతే లోపం వృషణంలో. అన్నీ మామూలుగా ఉండి వీర్యకణాలు మాత్రం లేకపోతే దారిలో ఎక్కడైనా అడ్డు ఉండవచ్చు. వీర్యకణాలు మరీ తక్కువగా ఉన్నా, లేకపోయినా క్రోమోజోమ్ పరీక్ష, వై క్రోమోజోమ్ పరీక్ష చేయించాలి.

మెదడు వైపు లోపానికి మంచి చికిత్స ఉంది. ఈడొచ్చినా గడ్డం రాకుండా, పుట్టినప్పటి నుంచి అత్తరు వాసన కూడా తెలియని అబ్బాయి ఉంటే అది కాల్‌మన్ సిండ్రోమ్ కావచ్చు. హెచ్‌సీజీ, ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు నెలల తరబడి ఇస్తే ఇలాంటి వారిలో చాలామందికి వీర్యకణాలు మొదలవుతాయి. ఇక్కడ ఇచ్చేవి వృషణాన్ని నిద్రలేపే హార్మోన్లు. ఇవి జిమ్ ఇంజెక్షన్ లాంటివి కావు. వేరికోసీల్‌కు ఆపరేషన్ ఉంది. అడ్డు ఉన్నవారికి వృషణం నుంచి నేరుగా కణాన్ని తీసి ఇక్సీ పద్ధతిలో అండంలోకి పంపుతారు. వై క్రోమోజోమ్ లోపం ఉన్నవారికి ఇక్సీ చేస్తే అదే లోపం కొడుక్కీ వస్తుందని ముందే తెలుసుకోవాలి.

మన కుటుంబాల్లో తరచూ వచ్చే ప్రశ్న, ఇది జాయిజేనా అని. నికాహ్‌లో ఉన్న భార్యాభర్తల కణాలతోనే, మూడో మనిషి ప్రమేయం లేకుండా చేస్తే అభ్యంతరం లేదని 1980లో ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ షేక్ జాద్ అల్ హక్ ఫత్వా ఇచ్చారు. పరాయి వారి వీర్యాన్ని సున్నీ ఉలమా అంగీకరించరు. మీ సందేహాలు మీకు నమ్మకమున్న ఆలింను అడగండి. ఆసుపత్రిలో మాత్రం ఎవరి కణాలు వాడుతున్నారో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం ఇలాంటి ప్రతి క్లినిక్‌కూ రిజిస్ట్రేషన్ ఉండాలి, జంట రాతపూర్వక సమ్మతి లేకుండా చికిత్స చేయకూడదు.

ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వృషణాలు ఒంటి వేడి కన్నా 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలి. బట్టీల దగ్గర, పొయ్యిల ముందు గంటల తరబడి పని చేసేవాళ్లు మధ్యమధ్య లేచి చల్లటి చోటికి వెళ్లాలి. సిగరెట్, గుట్కా మానాలి. బరువు తగ్గించుకోవాలి, షుగర్ అదుపులో పెట్టుకోవాలి. మగపిల్లాడికి పుట్టినప్పుడు వృషణం సంచిలోకి దిగలేదని అంటే ఏడాది, ఏడాదిన్నర లోపే ఆపరేషన్ చేయించాలి, పెద్దయ్యాక దిగుతుందిలే అని వదిలేయవద్దు.

చివరగా అత్తమామలకు ఒక మాట. ఈసారి కోడలి రిపోర్టులు సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు కొడుకును కూడా వెంట తీసుకెళ్లండి. రిపోర్టులో ఏం వచ్చినా అది ఎవరి పరువుకూ సంబంధించింది కాదు. ఎక్కడో ఒక తూము తెరుచుకోలేదు, అంతే. ఏ తూమో తెలిస్తేనే దానికి తగ్గ దారి వెతకగలం.